ఎనిమిది రోజుల పరీక్ష

“ఆ గిన్నె కింద పెట్టు అన్నయ్యా.”

ఆరేళ్ల తర్వాత చిన్ని తన అన్నతో నేరుగా అన్న మొదటి మాట అది. ఈ ఆరేళ్లలో అద్దెగదిలో ఒంటరిగా తింటూ, తను పనిచేసే ఆహార పరీక్షల ల్యాబు మెట్లు దిగుతూ, అన్న ఎదురుపడితే ఏమనాలో ఎన్నిసార్లు వల్లెవేసుకుందో లెక్కలేదు. ‘బాగున్నావా అన్నయ్యా’ అని మొదలుపెట్టాలనుకుంది. ‘చిక్కిపోయావేంటి’ అని మొదలుపెట్టాలనుకుంది. తీరా నోరు తెరిచే సమయానికి ఈ గిన్నె అడ్డొచ్చింది.

ఆయన చేతిలో చెంచా గాల్లోనే ఆగిపోయింది. మంచం మీద దిండుకు చేరగిలబడ్డ ఐదేళ్ల పిచ్చుక అప్పటికే నోరు తెరిచి కూర్చుంది. పిచ్చుకంత తిండి తింటుందని ఇంట్లో పెట్టుకున్న ముద్దుపేరు అది. పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉండి నిన్న సాయంత్రమే ఇంటికొచ్చింది. ఏం తిన్నా పొట్టలో నిలవక, పిల్ల ముఖంలో కళ్లు మాత్రమే మిగిలాయి. కూతురు ఇల్లు చేరిన సంబరంలో తండ్రి పొద్దున్నే లేచి, ఎన్నడూ లేనిది పొయ్యి దగ్గర నిలబడి, తన మిల్లులో ఆడిన మొక్కజొన్న పిండితో జావ కాచాడు. కాస్త అడుగంటింది. అయినా ఊదుకుంటూ, చల్లార్చుకుంటూ తెచ్చాడు.

“ఏమంటోంది?” అన్నాడాయన, చెల్లెలి వైపు చూడకుండా భార్యతో.

నిన్న గుమ్మంలో అడుగుపెట్టినప్పటి నుంచీ ఇదే వరస. “ఎవరైనా అన్నం తింటారేమో అడుగు.” “ఎవరికైనా దుప్పటి కావాలేమో చూడు.” ఎదురుగా ఉన్న మనిషి గోడ అవతల ఉన్నట్టు మాట్లాడటంలో ఆయన ఆరితేరాడు. పాపం వదిన అటు మాట ఇటు, ఇటు మాట అటు మోసి మోసి అలిసిపోయింది.

“గిన్నె కింద పెట్టమంటోంది” అంది వదిన.

“వినబడింది. ఎందుకట?”

“ఆ పిండి బాగాలేదు” అంది చిన్ని.

వంటవాడితో కూరలో ఉప్పు తగ్గిందంటే మహా అయితే మూతి ముడుచుకుంటాడు. పదిహేనేళ్లుగా మిల్లు నడిపేవాడితో పిండి బాగాలేదంటే అది వేరే సంగతి. అన్న గిన్నెను ముక్కు దగ్గరికి తెచ్చుకుని వాసన చూశాడు. చెంచాడు జావ తను తాగాడు. ఇంకో చెంచా తాగాడు.

“నీ అత్త చదువుకున్నది కదమ్మా” అన్నాడు కూతురితో. “చదువుకున్నవాళ్లకి మన ఇంటి తిండి బాగుండదు.”

మళ్లీ చెంచా పిల్ల నోటి దగ్గరికి వెళ్లింది. ఈసారి వదిన లేచింది. పెళ్లైన పన్నెండేళ్లలో భర్త చేతిలోంచి ఏదీ లాక్కోని మనిషి, గిన్నె లాక్కుని వెళ్లి బయట కుండీ మొదట్లో పారబోసి వచ్చింది. వచ్చి తలుపు పట్టుకుని నిలబడింది.

పెరటి గోడ అవతల మిల్లు ఎప్పటిలా ఆడుతూనే ఉంది.

“నువ్విచ్చావా పిండి, ఆవిడగారి ల్యాబుకి?” అన్నాడు అన్న మెల్లగా.

వదిన కొంగుతో చేతులు తుడుచుకుంది.

“నిన్నే అడిగేది.”

“ఇచ్చానండీ. మీరు లేని పూట చిన్ని ఆసుపత్రికి చూడటానికొచ్చినప్పుడు డబ్బాలోంచి ఒక పొట్లం కట్టి ఇచ్చాను. అక్కడ మూడో రోజుకల్లా పిల్ల తేరుకుంది. ఇంటికి తెస్తే మళ్లీ మొదటికే. ఇలా రెండుసార్లయింది. డాక్టరేమో పేగు లోపలి పొర దెబ్బతింది, ఎందుకో తెలియట్లేదంటాడు. నేనెవర్ని అడగను? మిమ్మల్ని అడిగితే ఒప్పుకుంటారా? మీరు పట్టిన కుందేలుకి మూడే కాళ్లు.”

“నాకు చెప్పకుండా ఇచ్చావు.”

“చెబితే మీకు కోపం, చెప్పకపోతే పిల్ల ప్రాణానికి ముప్పు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. ఏం చెయ్యమంటారు నన్ను?” వదిన కళ్లు ఒత్తుకుంది. “కోళ్లఫారం ఆయన కూడా రెండుసార్లు ఫోన్ చేశాడు. మన దాణా తిన్న పిల్లకోళ్లు ఎదగట్లేదట.”

“కోళ్లకి వంద రోగాలు.”

“మన పిల్లకి?”

జవాబు లేనప్పుడు ఆయన తండ్రిని తెచ్చుకుంటాడు. ఇప్పుడూ అదే చేశాడు.

“నాన్న పెట్టిన పద్ధతి ఇది. మనం తినంది ఎవరికీ అమ్మం. కొత్త కుప్ప దిగితే ఎనిమిది రోజులు మన పొయ్యి మీదికే. ఇంట్లో ఎవరికీ తలనొప్పి కూడా రాకపోతేనే దాని మీద తెల్లగుడ్డ కప్పుతాం. తెల్లగుడ్డ పడ్డాకే బయటికి. ఇంకెవరైనా చేస్తారా ఈ పని? ఏ మిల్లువాడైనా ముందు తన పిల్లకి పెట్టి, తర్వాత ఊరికి పెడతాడా?”

అదే చిన్నిని కోసేస్తున్న సంగతి. అన్న మోసగాడైతే ఎంత సులువుగా ఉండేది! తిట్టి, తలుపు దబాలున వేసి వెళ్లిపోవచ్చు. ఈ ఇంట్లో జరిగింది మోసం కాదు. నిజాయితీగా, తరతరాల పట్టుదలతో, ముందు మన పిల్లకే పెడదామని పెట్టారు.

“ఎనిమిది రోజుల్లో బయటపడే విషం కాదు అన్నయ్యా ఇది.”

విషం అన్న మాట గది మధ్యలో పడింది. చిన్నికి నాలుక కరుచుకోవాలనిపించింది. కానీ దానికి ఇంకో పేరు లేదు.

“మనం పెద్దవాళ్లం పది రకాలు తింటాం. పిచ్చుక నలభై రోజులుగా, ఇంట్లో ఉన్నప్పుడల్లా, పొద్దునా సాయంత్రం జావే తాగుతోంది, ఇంకేదీ నోట పెట్టదు కాబట్టి. ఆ కుప్పకి ఎక్కడో బూజు పట్టింది. బూజు గింజలో రెండు రకాల విషాలు వదిలింది. వాటికి రంగు లేదు, రుచి లేదు.”

ఆయన లేచి, చొక్కా జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి భార్య చేతికిచ్చాడు. “చదవమను. వేరే ల్యాబు వాళ్లిచ్చిందే. రెండూ హద్దులోపే ఉన్నాయని సంతకం పెట్టి మరీ ఇచ్చారు.”

చిన్ని చదివింది. కాగితం అబద్ధం చెప్పడం లేదు. రెండు అంకెలూ హద్దుకు కాస్త కిందనే ఉన్నాయి.

“విడివిడిగా హద్దులోపే. కానీ పిల్ల పొట్టలోకి విడివిడిగా వెళ్లవు కదా” అంది. “మా దగ్గర గాజు పళ్లేల్లో పేగు కణాల్ని పెంచుతాం. ఇరవై ఒక్క రోజులు, రోజు విడిచి రోజు వాటికి తిండి పెట్టి సాకితే, పక్కపక్కన అతుక్కుని ఒక పొరలా కడతాయి. మన పేగులో ఉన్న పొర కూడా అంతే, ఒక్క వరస ఇటుకల గోడ. పైనుంచి కాస్త కరెంటు పంపి చూస్తాం. గోడ గట్టిగా ఉంటే అది దాటదు. సందులుంటే దాటేస్తుంది. ఒక విషం వేసి చూశాను, గోడ నిలబడింది. రెండోది వేసి చూశాను, నిలబడింది. వదిన ఇచ్చిన పిండి రసం వేశాను. తెల్లారేసరికి గోడ కరెంటును ఆపే బలం సగానికి పడిపోయింది. నమ్మలేక మూడుసార్లు చేశాను. మూడోది నిన్న మధ్యాహ్నం వచ్చింది.”

మూడుసార్లూ తను తప్పు చేసి ఉంటే బాగుండునని కోరుకుంది. ఆ మాట చెప్పలేదు. ఆరేళ్ల ఉద్యోగంలో తన చెయ్యి వణికి ఉండాలని దేవుణ్ణి వేడుకున్న రోజులు ఆ మూడే.

“అత్తా” అంది పిచ్చుక, “నా పొట్టలో గోడ పడిపోయిందా?”

చిన్ని మంచం మీద కూర్చుని పిల్ల కాళ్లు ఒళ్లో పెట్టుకుంది. ఈ పిల్ల పుట్టినప్పుడు తను లేదు. పాకినప్పుడు లేదు. మొట్టమొదట చూసింది ఆసుపత్రి మంచం మీద. పుట్టినప్పటి నుంచీ తెలిసినదానిలా ‘అత్తా’ అని వేలు పట్టుకుంటే, ఐదేళ్లూ ఒక్కసారిగా గుండెలో కలుక్కుమన్నాయి.

“పడిపోలేదమ్మా. ఇటుకల మధ్య సందులొచ్చాయంతే.”

“ఎవరు పూడుస్తారు? తాపీ ఆయనా?”

“నీ పొట్టే పూడ్చుకుంటుంది. నాలుగైదు రోజులకోసారి పాత ఇటుకలు తీసేసి కొత్తవి పెట్టుకుంటూ ఉంటుంది. మనం చెడగొట్టకుండా ఉంటే చాలు.”

“ఎవరు చెడగొట్టారు?”

చిన్ని పిల్ల పాదాలు నిమురుతూ ఉండిపోయింది. తలెత్తేసరికి అన్న గదిలో లేడు.

“వెళ్లు” అంది వదిన. “నామాట వినడు. వింటే నీమాటే వినాలి.”

“నామాట విని ఉంటే నేను ఈ ఇల్లెందుకు వదులుతాను వదినా? పెరటి చెట్టు మందుకి పనికిరాదు.”

“ఆరేళ్లు పరాయి వీధిలో ఉన్న చెట్టువేగా. ఈపాటికి పనికొస్తావులే, వెళ్లు.”

అంత దుఃఖంలోనూ చిన్నికి నవ్వొచ్చింది. పెరటి తలుపు తీసుకుని మిల్లులోకి నడిచింది.

లోపల అడుగుపెట్టగానే ఆ వెచ్చదనం. తిరిగే రాళ్ల కింద నుంచి అప్పుడే పడ్డ పిండి వేడి. చిన్నప్పుడు జలుబు చేస్తే తండ్రి ఆ పిండి బస్తా పక్కనే పడుకోబెట్టేవాడు. తండ్రి పోయాక అన్నాచెల్లెళ్లిద్దరూ తొమ్మిదేళ్లు నడిపారు దీన్ని. అన్న గింజ చూసేవాడు, తను జల్లెడలు, రాళ్లు, దాణా పాళ్లు చూసుకునేది. మధ్యాహ్నం బస్తాల మీదే కూర్చుని ఒకే డబ్బాలో తినేవాళ్లు. దూలాల మీద సాలెగూళ్లు పిండితో తెల్లబడి అలాగే వేలాడుతున్నాయి. ఇవేవీ తనకోసం ఎదురుచూడలేదు. తనే వీటికోసం ఎదురుచూసింది. రోజూ ల్యాబు నుంచి వెళ్లేటప్పుడు దూరమైనా ఈ వీధి చివరి నుంచే వెళ్లేది. ఆ శబ్దం వినబడేంతవరకూ వచ్చి, విని, వెళ్లిపోయేది.

ఆరేళ్ల కిందట గొడవ మరీ పెద్దదేం కాదు. గింజలో తేమ చూసే మీటరు కొనుక్కొచ్చింది తను. పనివాళ్లందరి ముందూ ఆయన దాన్ని ఊక కుప్పలోకి విసిరేశాడు. ‘నా ముక్కుకన్నా నీ డబ్బా ఎక్కువా?’ అన్నాడు. ‘ఈసారికి ఎక్కువే’ అంది తను. అంతే. ఆ సాయంత్రం పెట్టె సర్దుకుంటుంటే ఉండమంటాడేమో అని చూసింది. వీధి మలుపు దాకా చూసింది. ఆయన పిలవలేదు, తను ఆగలేదు. ఇద్దరూ ఒక తండ్రి బిడ్డలే మరి.

అన్న వెనక గదిలో ఉన్నాడు. తెల్లగుడ్డ తొలగించి, చెయ్యి మోచేతిదాకా కుప్పలోకి దూర్చి, గుప్పెడు గింజలు తీసి వాసన చూస్తున్నాడు. ఒక గింజ కొరికాడు. పారేసి, ఇంకోచోట చెయ్యి పెట్టాడు. మళ్లీ వాసన చూశాడు.

“ఏ వాసనా లేదు” అన్నాడు. ఎవరితో అన్నాడో తెలియదు. “నాకేం తెలియట్లేదు.”

చిన్ని దగ్గరగా వెళ్లింది. అన్న జుట్టు పిండితో తెల్లగా ఉందనుకుంది. పిండి కాదు, నెరిసింది.

“వానల్లో ఆ మూల రేకు లేచిపోయింది” అన్నాడాయన. ఇప్పుడు భార్య పక్కన లేదు, గోడ కూడా లేదు. మాట నేరుగా చెల్లెలికే వచ్చింది. “కింద కాస్త తడిసింది. బూజు కనిపించినంతమేరా తీసి పారేశాను. మిగతాది ఎండబెట్టాను. డ్రమ్ములో వేయించాను కూడా. బూజు చస్తుంది కదా అని.”

“చస్తుంది అన్నయ్యా. అది వదిలిన విషం చావదు.”

“అది నాకు తెలీదే!”

“తెలీదని నాకు తెలుసు.”

“అయినా మనసొప్పక శాంపిలు తీసుకుని బయల్దేరాను.” ఆయన గింజల్ని వేళ్ల మధ్య నుంచి జారవిడుస్తున్నాడు. “నీ ల్యాబు ముందు నుంచే వెళ్లాను. గేటు దగ్గర ఇంతసేపు నిలబడ్డాను. సంచి చేతిలోనే ఉంది. నువ్వు లోపల కిటికీ దగ్గర నిలబడి ఏదో రాసుకుంటున్నావు. లోపలికి రాలేకపోయాను చిన్నీ. ఏ ముఖం పెట్టుకుని రాను? అక్కణ్నుంచి రెండు బస్సులు మారి వేరే ఊరి ల్యాబుకి వెళ్లాను.”

చిన్ని కుప్ప అంచున కూలబడింది. నలభై అడుగులు. గేటు నుంచి తన కిటికీకి అంతకన్నా లేదు. ఆయన ఆ నలభై అడుగులు వేసి ఉంటే, తను కాగితం మీద నుంచి ఒక్కసారి తలెత్తి బయటికి చూసి ఉంటే, పిచ్చుక ఆసుపత్రి ముఖం చూసేది కాదు. కోపం రావాలి. రాలేదు. అన్న గేటు దాకా వచ్చాడన్న సంతోషమే ముందు వచ్చింది. ఆ సంతోషానికి తనమీద తనకే సిగ్గేసింది. ఏడుపు ఆగలేదు.

ఆయన కూడా ఏడ్చాడు. చేతులకు పిండి ఉండటంతో మోచేత్తో తుడుచుకున్నాడు.

“ల్యాబులో ఎవరికీ చెప్పలేదింకా” అంది చిన్ని కొంతసేపటికి. “రిజిస్టర్లో ఈ శాంపిలుకి నంబరు వేయలేదు. నంబరు పడిందంటే అధికారులొస్తారు, కుప్పకి సీలు వేస్తారు. అందుకే ముందు నీ దగ్గరికొచ్చాను. నువ్వే నీ చేత్తో శాంపిలు తెచ్చి ఇవ్వు అన్నయ్యా. దాచినవాడు వేరు, తెచ్చిచ్చినవాడు వేరు.”

ఆయన వచ్చి ఆమె పక్కనే కుప్ప మీద కూర్చున్నాడు, వెనకటిలాగే, భుజం తగిలేంత దగ్గరగా.

“వచ్చెయ్” అన్నాడు. “నీ అద్దెగది ఖాళీ చేసెయ్. మిల్లుకి వచ్చెయ్. మీటరు పెట్టుకో, ఒకటి కాదు పది పెట్టుకో. నువ్వు సరేనంటేనే కుప్ప మీద గుడ్డ పడుతుంది, నా ముక్కు సంగతి వదిలెయ్. పిల్ల నీ వెంటే తిరుగుతుంది. ఇది నీ ఇల్లు చిన్నీ.” ఆగాడు. “కానీ ఈ ఒక్కదానికీ నోరెత్తకు. కడుపు చించుకుంటే మన కాళ్ల మీదే పడుతుంది. నలుగురికీ తెలిస్తే నాన్న పేరు ఏమవుతుంది?”

ఆరేళ్లుగా చిన్ని ఏ మాటకోసం ఎదురుచూసిందో ఆ మాట వచ్చింది. ఒక్కటీ తక్కువ కాకుండా అన్నీ వచ్చాయి. ఇల్లు, మిల్లు, పిల్ల, పక్కన అన్న భుజం. ‘సరే అన్నయ్యా’ అన్న రెండు ముక్కలు నాలుక చివరకు వచ్చి కూర్చున్నాయి. అనేయాలని ఎంత కోరికగా ఉందో! ఒకే ఒక్క కుప్ప. తగలబెట్టేస్తే ఎవరికి తెలుస్తుంది?

“వస్తాను” అంది. “ఇవాళే వస్తాను. అయితే ఈ కుప్పలో ఒక్క గింజ బయటికి వెళ్లకూడదు. ఇద్దరం కలిసి వెళ్లి శాంపిలు ఇద్దాం. పాత కుప్ప అయ్యేదాకా దీన్ని కదపలేదు కదా నువ్వు, విరిగిన గింజలు కోళ్ల దాణాకి వెళ్లడం తప్ప?”

ఆయన లేచి, ఇందాక పక్కకు తీసిన తెల్లగుడ్డను మడతపెట్టసాగాడు.

చిన్ని అప్పుడు చూసింది కుప్ప వైపు సరిగ్గా. గింజ గదిలో సగం మేరకే ఉంది. అవతలి సగంలో నేల కనబడుతోంది, కొత్తగా ఊడ్చిన నేల.

“అన్నయ్యా. మిగతాది ఏది?”

“నిన్న పాత కుప్ప అయిపోయింది. నేను ఆసుపత్రిలో ఉన్నాను. పనివాళ్లు తెల్లగుడ్డ ఉంది కదా అని ఆడించి పంపేశారు.”

“ఎక్కడికి?”

ఆయన అరచేతులకంటిన పిండి దులుపుకున్నాడు.

“ఎక్కడికి అన్నయ్యా?”

“పసిపిల్లల బడికి.”

ఇందాకటి నుంచీ ఆయన వేడుకుంటున్నది తండ్రి పేరుకోసం ఒక్కటే కాదని చిన్నికి అప్పుడర్థమైంది. నూట ఇరవైమంది పిల్లలు. అందరూ పిచ్చుక ఈడువాళ్లే.

“జావ ఎన్నింటికి పోస్తారు వాళ్లకి?”

“పదకొండింటికి.”

గోడ గడియారం పదీ ముప్పావు చూపిస్తోంది. చిన్ని తలుపు దగ్గరికి పరుగెత్తింది. మిల్లు ఖాతాదారుల ఫోను నంబర్లు ఎప్పుడూ ఆ తలుపు వెనకే రాసి ఉంటాయి. ఇప్పటికీ ఉన్నాయి, తెల్లరంగుతో, తన చేతిరాతలోనే. మిల్లుకి రెండుసార్లు సున్నాలు వేయించినా ఆ తలుపుని మాత్రం ఎవరూ ముట్టుకోలేదు.

మిల్లు ఫోనులో బడి నంబరు కొట్టింది. అవతల మోగుతోంది.

“ఏమని చెప్తావు?” అన్నాడు అన్న వెనక నుంచి. “మా అన్న మీ పిల్లలకి విషం పంపాడనా?”

“నేను చెప్పను” అంది చిన్ని. “నువ్వు చెప్పాలి.”

“నావల్ల కాదు.”

“నేను చెబితే రేపట్నుంచి నీ ముఖం చూడలేను. నువ్వు చెప్పు అన్నయ్యా, నీకు దండం పెడతాను. నాకోసం చెప్పు.”

అవతల ఫోను ఎత్తారు. వెనక పిల్లల గోల, పళ్లేల చప్పుడు. “హలో! మిల్లు నుంచేనా?” అంది బడి పెద్దావిడ సంతోషంగా. “పాప ఇంటికొచ్చిందట కదా, ఎలా ఉంది? మీ పిండి అందిందండీ, ఇప్పుడే పొయ్యి మీద పెట్టారు.”

చిన్ని ఫోను అన్న వైపు చాచింది.

“హలో? ఎవరండీ, మాట్లాడరేం?”

ఆయన దగ్గరికొచ్చి చెయ్యి చాచాడు. ఫోను అందుకోవడానికో, ఆపేయడానికో చిన్నికి తెలియలేదు.